మూడో దెబ్బ

నేను ఒక వేటకత్తిని. అరచెయ్యంత వెడల్పు, మూరెడు పొడవు, దుప్పికొమ్ము పిడి. జర్మన్ అడవుల మధ్య హోహెన్‌రాడ్ అనే చిన్న సంస్థానంలో పుట్టాను. నన్ను చేయించిన రుడిగర్ దొర నాతో మొదట కోసింది మృగాన్ని కాదు, భోజనానికి కూర్చున్న సొంత అన్న గొంతును. ఆ సాయంత్రమే ఆయన డ్యూక్ అయ్యాడు. ఆయన కొడుకు నాతో ఇద్దరు బావమరుదులను సాగనంపాడు. దీన్నే వాళ్ళు గొప్ప వంశం అనేవారు. పద్దెనిమిదో శతాబ్దం నడుమ మనవడు గొట్‌హార్ట్ డ్యూక్ మొలలోకి చేరాను.

ఆయనకు వేట పిచ్చి. వేటలో ఒక ఆచారం ఉండేది. చచ్చిన దుప్పిని ఎవరూ దాటకూడదు, చుట్టూ తిరిగి వెళ్ళాలి. దాటినవాణ్ణి ఆ దుప్పి మీదే బోర్లా పడుకోబెట్టి, నా చదును వైపుతో వీపున మూడు దెబ్బలు వేస్తారు. అందరూ పడీపడీ నవ్వుతారు. అదో సరదా.

ఒకనాడు తూటా తగిలిన దుప్పి, మృగాలను తోలడానికి వచ్చిన మాటియాస్ అనే రైతు తొడను కొమ్ముతో చీల్చి అక్కడే కూలింది. నెత్తురు చిమ్ముతోంది. డ్యూక్ ఒక్కగానొక్క కొడుకు కొన్‌రాడ్ పరుగున దుప్పిని దాటి వెళ్ళి, తన నడికట్టు విప్పి ఆ తొడకు బిగించాడు.

“దుప్పిని దాటావు. పడుకో,” అన్నాడు తండ్రి.

“మనిషి చచ్చిపోతున్నాడు నాన్నగారూ!”

“మా తాతగారు పెట్టిన ఆచారం. పడుకో.”

కొన్‌రాడ్ పడుకున్నాడు. డ్యూక్ నన్ను ఎత్తాడు. రెండు దెబ్బలు చదునుగానే పడ్డాయి.

“ఆ పెద్దాయన సొంత అన్న శవాన్ని దాటి గద్దెనెక్కారు. ఆయన్ను ఎవరు కొట్టారు?” అన్నాడు కొన్‌రాడ్.

నవ్వులు ఆగిపోయాయి. నన్ను పట్టుకున్న మణికట్టు తిరిగింది. మూడో దెబ్బకు నేను పదునువైపు దిగాను, అతని మెడలోకి. పాపం, చెయ్యి జారిందన్నారు అందరూ. జారలేదు. అది పట్టుకున్నది నన్నే కదా, నాకు తెలియదా?

మరుసటి వేటలో డ్యూక్ కావాలనే దుప్పిని దాటాడు. దాని మీద బోర్లా పడుకుని నన్ను చాచి, “కొట్టండి. పదునువైపు,” అన్నాడు. ప్రభువులవారి హాస్యం అనుకుని సర్దారులు చప్పట్లు కొట్టారు. కుంటుకుంటూ మాటియాస్ ఒక్కడే వచ్చి నన్ను అందుకున్నాడు. సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఆ మెడ తెగాలనే కోరుకున్నాను.

అతను చదునుగానే కొట్టాడు, మూడుసార్లూ.

“ఆచారం ఇంతే దొరా,” అని నన్ను గడ్డిలో పెట్టి వెళ్ళిపోయాడు. డ్యూక్ లేవలేదు. దుప్పి బొచ్చులో ముఖం దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు.

ఆ వంశం ఆయనతోనే ఆగిపోయింది. ఇప్పుడు నేను మ్యూజియంలో అద్దాల పెట్టెలో ఉన్నాను. వచ్చినవాళ్ళంతా వంగి నా అంచు చూసి, “అబ్బ, ఎంత పదునో!” అంటారు. నా చదును వైపు ఎవరూ చూడరు.