అమ్మకానికి యోగ్యం

నేను ఒక రబ్బరు ముద్రని. ఎడారి అంచున ఒక ఊళ్లో, పశువుల సంత కోసం పుట్టాను. నా ముఖం మీద ఉన్నది ఇంతే: "పరీక్షించాం. అమ్మకానికి యోగ్యం." మేక పళ్లు చూసేవారు, కాగితం మీద నన్ను గుద్దేవారు. నిఖార్సైన వ్యాపారం. రోగమున్న మేక కాగితం మీద నేనెన్నడూ పడలేదు.

తర్వాత తుపాకుల ముఠా ఊరిని పట్టుకుంది. సంత గుమాస్తా హమ్దాన్ మర్నాటికల్లా వాళ్ల జెండా కట్టాడు. అదే కుర్చీ, అదే సిరాదిండు, అదే నేను, సరుకు మారింది. ఎత్తుకొచ్చిన ఆడవాళ్లను వరసలో నిలబెట్టి, వాళ్ల కాగితాల మీద నన్ను గుద్దాడు. మనుషులను అమ్మడానికి వెనకాడని ముఠా, ముద్ర లేని కాగితాన్ని మాత్రం ముట్టుకునేది కాదు. పద్ధతంటే వాళ్లకు అంత భక్తి.

ఆరేళ్లకు ఒక అంతర్జాతీయ కోర్టులో, సాక్ష్యంగా, ప్లాస్టిక్ సంచిలో తేలాను. సాక్షి నాగరత్నం, రాజోలు దగ్గర నుంచి పరాయి దేశానికి ఇంటిపనికని వెళ్లి దారిలో ఆ ముఠాకు చిక్కిన మనిషి. ముద్దాయి హమ్దాన్ తరఫు వకీలు వాదన నున్నగా ఉంది. అక్కడ మనుషుల సంతే లేదట, ఎవరి మానాన వాళ్లు చేసుకున్న పెళ్లిళ్లట, ఈమె ఒకరి భార్యట. ఆ మాట నిలిస్తే, ముఠా ఒక పద్ధతిగా చేసిన నేరమన్న కేసు కూలుతుంది. ఆమె రికార్డులో భార్యగానే మిగిలిపోతుంది.

నాగరత్నం నాకేసి చూసి, దుబాసీతో నెమ్మదిగా అంది.

"మేకకీ ఇదే గుద్దాడండి, నాకూ ఇదే గుద్దాడు. మేకనెవరూ పెళ్లాం అనలేదు కదండీ."

వకీలు తడబడలేదు. ముద్ర ఎవడైనా వాడి ఉండొచ్చన్నాడు. తన కక్షిదారు ఎవరూ లెక్కచెయ్యని ఉత్త గుమాస్తా అన్నాడు.

గుమాస్తా గర్వానికి అక్కడే దెబ్బ తగిలింది. హమ్దాన్ లేచి నిలబడ్డాడు.

"ఎవడైనానా? నా చెయ్యి పడందే ఆ ఊళ్లో ఒక్క కాగితం చెల్లలేదు. మా దళపతి పంపిన ఆడదైనా సరే, వరసలో నిలబడాల్సిందే. ఒక్కొక్కర్నీ నేనే పరీక్షించాను."

వకీలు కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు. ప్రాసిక్యూషన్ వకీలు ఇంకొక్క ప్రశ్న వెయ్యలేదు. బేరం కుదిరాక నోరు తెరవకూడదని తెలిసినవాడు.

శిక్ష పడింది. రికార్డులో "భార్య" కొట్టేసి, "బానిసగా అమ్మారు" అని రాశారు. నాగరత్నం ఆ కాగితం మీద ఇంటిపేరుతో సహా తెలుగులో సంతకం పెట్టింది. కోర్టు గుమాస్తా అలవాటుగా తన ముద్ర ఎత్తాడు. ఆమె సంతకానికి అరచెయ్యి అడ్డం పెట్టింది.

"సంతకం చాలండి."

రూలు ఒప్పుకోదన్నాడతను. జడ్జీ రూల్సు పుస్తకం తెప్పించి, మొదట్నించి చివరిదాకా తిరగేసి, అలాంటి రూలేమీ లేదన్నారు. మా ముద్రల జాతికది తీరని నష్టం. సిరా ఆరేదాకా ఆమె చెయ్యి తియ్యలేదు.