బిగించే పేజీ

ఇలా దగ్గరికొచ్చి కూర్చో చిట్టీ, ఆ ఫోను పక్కన పెట్టు. మీ నాన్న మన పాత కారును ముక్కలు చేసిన సంగతి చెబుతాను. తనను అడిగితే బాగుచేశానంటాడు. నమ్మకు.

కారు మీ తాతయ్యది. నీలం రంగు, గుండ్రటి మూతి, ఎవరిమీదో అలిగినట్టుండేది. ఆయన పోయాక షెడ్డులో పడి ఉంటే మీ నాన్న కన్ను దానిమీద పడింది. మెకానిక్‌ను పిలిస్తే చిన్నతనమట. రిపేరు పుస్తకం కొనుక్కొచ్చాడు. అట్టమీద ఒకాయన తెల్లచొక్కా వేసుకుని, స్పానరు పట్టుకుని నవ్వుతున్నాడు. చొక్కాకు ఒక్క మరక లేదు. ఇది కారును ముట్టుకున్న మొహం కాదని అప్పుడే అనుకున్నాను.

ఆ పుస్తకం చూసి కార్బురేటర్ విప్పాడు. పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకు పంపే సామాను అది. ప్రతి స్క్రూకూ ఒక బొమ్మ, ప్రతి బొమ్మకూ ఒక బాణం. అన్నీ విప్పి నా వంటింటి పళ్లెంలో పరిచాడు. పేజీ తిప్పితే ఒకటే వాక్యం: 'విప్పిన వరుసను తిరగేసి బిగించండి.' ఆ కిందనుంచి హెడ్‌లైట్ల గొడవ.

"వరుస గుర్తుందా అల్లుడుగారూ?"

"ఇంకో పుస్తకం కావాలి అత్తయ్యగారూ."

ఆ ఇంకోటి లావుపాటిది, రంగుల బొమ్మలది. అందులోనూ అదే వాక్యం, కాకపోతే రంగు అక్షరాల్లో.

మీ అమ్మకు ఒళ్లు మండింది. "శనివారం పాత ఇనుము కొనేవాడు లారీ తెస్తున్నాడు. ఈలోగా కదిలిందా ఉంటుంది, లేదా పోతుంది," అంది.

అది పోతే ఎలా? మీ తాతయ్యతో సగం కాపురం ఆ ముందు సీట్లోనే చేశాను. మా పోట్లాటలన్నీ అందులోనే. ఇంట్లో అయితే మా అత్తగారు వినేది.

అందుకే మీ నాన్నతో పాటు పాతపుస్తకాల కొట్టుకు నేనూ వెళ్లాను. కొట్టతను నున్నటి పుస్తకమొకటి ముందు పెట్టాడు.

"విప్పడం నాకొద్దు నాయనా. కార్బురేటర్ బిగించే పేజీ చూపించు."

"అది తిరగేసి చేసుకోవడమేనమ్మా."

"స్వెటర్ విప్పమంటే పిల్లి కూడా విప్పుతుంది. మళ్లీ అల్లిన పిల్లిని చూశావా?"

మీ నాన్న నేనెవరో తెలియనట్టు పక్క అలమర వైపు తిరిగాడు.

ఏది తెరిచినా అంతే. రాసినవాళ్లంతా విప్పేసి భోజనానికి వెళ్లిపోయినట్టున్నారు. చివరికి కింది అరలో అట్టలేని బక్క పుస్తకం దొరికింది. బిగించడమే పేజీలకు పేజీలు. కూడబలుక్కుని చదివాను: 'స్ప్రింగు కొక్కెం లోపలివైపుకు. బయటికి పెట్టారా, మళ్లీ మొదటికొస్తారు.'

"ఇది రాసినాయన మొదటికొచ్చిన మనిషి. ఇది తీసుకోండి," అన్నాను.

ఇంటికొచ్చాక మీ నాన్న జిడ్డు బొటనవేలు మొదటి పేజీమీదే పడింది. అటుగా వెళ్తున్న మీ అమ్మ పుస్తకం లాక్కుంది.

"ఆ చేతులతో ముట్టకండి. నేను చదువుతాను... లోపలివైపు అన్నాడండీ."

"ఇదే లోపల."

"ఇంట్లో చెంచాలు ఏ అరలో ఉంటాయో తెలీదు మీకు, లోపలేదో బయటేదో నాకు చెబుతారా?"

మీ నాన్న ఆ స్ప్రింగు విప్పి మళ్లీ పెట్టాడు. కారు అమ్మేస్తానన్న మనిషే కొంగు దోపుకుని కార్బురేటర్ అధ్యాయం చివరిదాకా చదివింది.

శనివారం లారీ వచ్చి గేటు ముందు నిలబడింది. కారు దగ్గింది, నల్లటి పొగ వదిలింది, షెడ్డులోంచి బయటికి కదిలింది. కదిలింది గానీ ఆగలేదు. మెల్లగా వెళ్లి లారీకి మూతి ఆనించి అప్పుడాగింది.

లారీ అతను మీ అమ్మ వైపు చూశాడు. మీ అమ్మ చేతిలో పుస్తకం అలాగే ఉంది.

"మీరు వెళ్లిరండి. మాకింకా బ్రేకుల అధ్యాయం మిగిలింది," అంది.

మీ నాన్న ఇప్పటికీ తెల్లచొక్కా పుస్తకాన్నే ముందు గదిలో పెట్టుకుని వచ్చినవాళ్లకు చూపిస్తాడు. నువ్వు మాత్రం ఇది మరిచిపోకు తల్లీ. రేపు నీవాళ్లెవరైనా ఇలాంటి పుస్తకం కొనబోతే ఈ కథ చెప్పి, ముందు బిగించే పేజీ తెరిపించు. మీ అమ్మమ్మ చెప్పిందను. మీ నాన్న చెప్పాడని మాత్రం అనకు.