మాత్ర వేసుకున్నాక గంటసేపు

సుందరి రెండేళ్లుగా నీరసంతో, ఒళ్లు బరువెక్కి ఈసురోమంటుంటే, భర్త కృపానందం మాస్టారు అది బద్ధకమేనని తేల్చేశారు. పి.గన్నవరంలో వీధంతా ఆ మాటే చాటారు. చివరికి ఆరోగ్య కేంద్రంలో డాక్టరమ్మ సుందరి గొంతు తడిమి చూసి, రక్తపరీక్ష చేయించింది.

"థైరాయిడ్ సరిగ్గా పనిచెయ్యడం లేదండి. పొద్దున్నే పరగడుపున మాత్ర వేసుకుని, గంటసేపు కాఫీ, టిఫిన్ ముట్టకండి."

ఇంటికొచ్చి సుందరి భర్తతో, "మాత్ర వేసుకున్నాక గంటసేపు వంటింట్లో అడుగుపెట్టకూడదన్నారండీ" అంది.

"అలాగన్నారా?"

"ఆయ్!"

మర్నాటినుంచి మాస్టారే కాఫీ పెట్టుకున్నారు. ఆదివారం చర్చిలో మాత్రం, "మా ఆవిడ జబ్బు ముందు కనిపెట్టింది నేనేనండీ" అని అందరికీ చెప్పుకున్నారు. సుందరి కాదనలేదు. ఇంటికొచ్చాక, ఆ మాత్ర బతికినంతకాలం వాడాలని ఆయనకు మెల్లగా చెప్పింది.