నలభై ఆరు మీటర్ల తాడు

గోగునారతో తాడు పేనడం జగన్నాధానికి కొత్త కాదు. ఇంట్లో పశువుల మెడలకున్న పలుపులన్నీ ఆయన చేతివే. కానీ నలభై ఆరు మీటర్ల తాడు, మధ్యలో ఒక్క ముడి లేకుండా పేనమని ఇంతవరకూ ఆయన్నెవరూ అడగలేదు. అడిగింది కూతురు ఉష, ఊరి హైస్కూల్లో తొమ్మిదో తరగతి.

"అంత పొడుగెందుకే? మీ బళ్లో ఏనుగుని కడతారేటి?"

"భూమి వయసు కొలుస్తాం నాన్నా. నాలుగొందల అరవై కోట్ల ఏళ్లట. మీటరుకి పది కోట్లు. ఎలీసమ్మ టీచరు సెప్పింది."

చెరువులో ఊరిన గోగుకట్టలు తీసి నార ఒలిచేసరికి ఆ కంపు వారం రోజులు జగన్నాధం ఒంటిని వదల్లేదు. పెళ్లాం తాయారు అన్నం పళ్లెం దూరం నుంచే తోసేది. "కూతురు సదువుకుంటే నాకీ వాసనేటి దేవుడా!" అనేది.

తాడు తయారయ్యాక టీచరమ్మ ఆయన్ని కూడా రమ్మంది. ఆట స్థలంలో ఈ చివర నుంచి ఆ చివరికి పరిచారు. పిల్లలు వరసగా దాని పక్కన నడిచారు. జగన్నాధం కూడా చెప్పులు విడిచి, ఎందుకో తెలీకుండానే, వాళ్ల వెనక నడిచాడు. ఎంత నడిచినా ఏమీ లేదు. మొదటి పది మీటర్ల దగ్గర చిన్న తెల్ల గుడ్డపీలిక, కంటికి కనపడని జీవాలకి. ఆ తరవాత మళ్లీ ఉత్త తాడే. ఇంకో అయిదు మీటర్లలో తాడు అయిపోతుందనగా చేపలకి ఆకుపచ్చ పీలిక. రెండుంపావు మీటర్లుందనగా రాక్షస బల్లులకి ఎర్రది.

"మరి మనిషో?" అన్నాడు.

ఉష తాడు కొస పట్టుకుని గోరు ఆనించింది. "మూడు మిల్లీమీటర్లు. కలియుగం మొదలయి ఇప్పటిదాకా ఎంటిక మందం కూడా లేదు నాన్నా."

జగన్నాధం అరసవల్లి స్వామిని నమ్ముకున్నవాడు. ఏటా కార్తీకంలో ఇంట వ్రతం మానడు. వ్రతానికి ముందు సంకల్పంలో పంతులుగారు కల్పం, మన్వంతరం, యుగం అని వరసగా చెబుతుంటారు. అదంతా ఎంత పొడుగో ఆయనెప్పుడూ అడగలేదు. పైగా మొన్న కార్తీకంలో, "పంతులుగారూ, అదంతా ఎందుకండి, తొందరగా కానీండి, బంధువులకి ఆకలవుతోంది" అన్నాడు.

"మా కల్పం లెక్కా మీ తాడు లెక్కా ఒకటేనా టీచరమ్మా?"

ఎలీసమ్మ నవ్వింది. "దగ్గరదగ్గరగానే ఉంటాదట గానీ ఒకటని నేననలేనండి. చర్చిలో నాకూ ఇలాటి ప్రశ్నే వస్తాది. రాళ్లు సెప్పింది పిల్లలకి సెప్తాను. మిగిలింది దేవుణ్ణే అడుగుతాను."

ఆ జవాబు ఆయనకి నచ్చింది.

శనివారం జిల్లా నుంచి ఒక పెద్ద అధికారి బడి చూడ్డానికి వస్తాడన్నారు. తాడు గురించి చెప్పేది ఉషే. జగన్నాధం ఉతికిన పంచె కట్టుకుని వెళ్లాడు. వెళ్లేసరికి తాడు నేల మీద చిన్నగా కనిపించింది. చేపలున్నాయి, బల్లులున్నాయి. వాటికి ముందు కత్తితో కోసిన చివర, పురి విడిపోయి చీపురులా ఉంది.

"ఎవరు కోసేరు?"

ఎలీసమ్మ తల దించుకుంది. "నేనొచ్చేసరికే కోసేసేరండి."

హెడ్మాస్టరు తిరుమలరావు దండ చేత్తో పట్టుకుని వచ్చాడు. "ఏటోయ్ జగన్నాధం, మొహం అలా పెట్టేవు? అంత తాడు ఫొటోలో పడతాదా? పది మీటర్లుంచేం. ముందు ముప్పై ఆరు మీటర్లలో ఏటుందని? ఖాళీ తాడు! సామియానా వాడు తాళ్లు తేలేదు, దానికి పనికొచ్చింది."

"ఆ ఖాళీయే కదండి పాఠం," అంది ఉష సన్నగా.

"నువ్వుండమ్మా. సారు అడిగితే నలభై ఆరు మీటర్లని సెప్పు. ఎవడూ టేపు తెచ్చుకోడు."

జగన్నాధం తల తిప్పి చూశాడు. సామియానా నాలుగు మూలలా తన తాడే. మేకుకి చుట్టిన చోట సామియానా మనిషి ఊసిన ఖైనీ ఉమ్ము కారుతోంది.

అధికారి గంట ఆలస్యంగా వచ్చాడు. దండ వేయించుకున్నాడు, కూల్‌డ్రింక్ తాగాడు, ఫోన్లోంచి తలెత్తకుండానే, "ఎన్ని మీటర్లు పాపా?" అన్నాడు.

ఉష తల తిప్పి తండ్రి వంక చూసింది. ఆయన ఏం చెప్పమంటే అది చెబుతానన్నట్టుంది ఆ చూపు. జగన్నాధం కళ్లు దించేసుకున్నాడు.

"నలభై ఆరు సార్. పిల్లకి సిగ్గు," అని తిరుమలరావే అందుకున్నాడు.

"ఎక్సలెంట్!" అన్నాడు అధికారి. తాడు కొస ఉష చేతికిచ్చి నవ్వమన్నారు. ఫొటో తీశారు.

ఆ నవ్వు చూస్తే జగన్నాధానికి రోత పుట్టింది. ఈ దండ మీద, ఆ కూల్‌డ్రింక్ సీసా మీద, అన్నిటికంటే ఎక్కువగా నేల చూస్తూ కూర్చున్న తన మీద. తిరుమలరావు ఫొటో కోసం కోశాడు. తను బంతి భోజనాల కోసం దేవుడి ముందే సంకల్పాన్ని కొయ్యమన్నాడు. ఏటి తేడా?

లేచాడు. అధికారి కుర్చీ పక్క మూలకి వెళ్లి, ఉమ్ము తడి వేళ్లకి అంటుతుంటే, మేకుకి చుట్టిన తాడు విప్పడం మొదలెట్టాడు. సామియానా ఆ మూల వంగి అధికారి నెత్తి మీదకి జారింది.

"ఒరే, ఏటి సేస్తన్నావ్?" తిరుమలరావు కేక.

"బాబూ, తమరి నెత్తి మీద మూడొందల అరవై కోట్ల ఏళ్లు కట్టేసేరండి," అన్నాడు జగన్నాధం అధికారితో. "నా కూతురికి కావాలి. ఇప్పుకుంటన్నాను."

పిల్లలు కిసుక్కున నవ్వారు. ఉష చేతిలోని తాడు కింద పెట్టింది. "ఇది పదే సార్," అంది, ఈసారి అందరికీ వినపడేలా. "పది మీటర్లే."

అధికారి గుడ్డ తోసుకుని లేచాడు. ఎవరి వంకా చూడకుండా కారెక్కాడు. తిరుమలరావు కారు వెనక పరిగెత్తాడు.

బడి ఖాళీ అయ్యాక ముక్కలన్నీ ఏరుకొచ్చి, పురులు విప్పి ఒకదాన్లో ఒకటి కలిపి పేనాడు జగన్నాధం. టీచరమ్మా ఉషా టేపు పట్టారు.

"నలభై సెంటీమీటర్లు తగ్గింది నాన్నా. అతుకుల్లో పోయింది."

"అంటే?"

"నాలుగు కోట్ల ఏళ్లు."

"మళ్లీ నార తీయాలయితే."

"మళ్లీ కంపు కొడతావు. అమ్మ తిడతాది."

జగన్నాధం చేతులు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఖైనీ వాసన ఇంకా పోలేదు. పంచెకి తుడుచుకోబోయి, ఆగి, మట్టిలో రుద్దుకున్నాడు.

"దీనికంటే గోగు కంపే నయమే తల్లీ," అన్నాడు.