సూది బాబాయి ఎక్కిన బస్సు

"ఉంగరం వేలు ఇటివ్వు. చీమ కుట్టినట్టుంటుంది, అంతే."

తాపీమేస్త్రీ మొహం పక్కకు తిప్పుకున్నాడు. సూది బాబాయి చురుక్కుమనిపించి, గాజుపలక మీద రక్తపు చుక్క అద్ది, ఇంకో పలక అంచుతో పలుచగా సాగదీశాడు. బస్టాండు మూల రేకుల గదిలో ఇరవై ఆరేళ్ళుగా అదే పని. అడవి వైపునుంచి వచ్చే బస్సులు దిగినవాళ్ళలో ఒళ్ళు వెచ్చబడ్డవాళ్ళను పట్టుకోవాలి. సూది బాబాయి అన్న పేరు కండక్టర్లు పెట్టిందే. అసలు పేరు జీతం కాగితానికి తప్ప ఎవరికీ అక్కర్లేకపోయింది.

"నెలన్నర సొరంగం పనిలో ఉన్నాం బాబాయ్, పదకొండు మందిమి. ఇప్పుడు కొండమీది ఊళ్ళో బడి కట్టాలి."

"అరగంట కూర్చో. చూసి చెప్తా."

"బస్సు నాకోసం ఆగుద్దా? జ్వరమేగా, చెమట పడితే అదే పోద్ది."

వెళ్ళిపోయాడు. అరగంట తర్వాత మైక్రోస్కోపులో కన్ను పెట్టిన బాబాయి చాలాసేపు తల ఎత్తలేదు. మలేరియా. అదీ కుప్పలుగా.

మేస్త్రీ ఇచ్చిన నంబరు పలకలేదు. కొండ ఊరి ఆసుపత్రికి ఫోన్ చేశాడు.

"మా ఊళ్ళో మలేరియా లేదండీ," అంది అవతలి గొంతు.

"లేదు కాబట్టే చేస్తున్నానమ్మా. దోమ అంతదూరం ఎగరలేదు, మనిషే మోసుకొస్తాడు. మీ దోమ అతన్ని కుట్టిందంటే ఊరంతా పంచుతుంది."

"సోమవారం ఎవరినైనా పంపుతాం."

అది గురువారం. బాబాయి మాత్రలూ గాజుపలకలూ సంచిలో సర్దుకుని భార్యకు చెప్పాడు, రెండు మూడు రోజులు రానని.

"పక్కవీధి పెళ్ళికి రమ్మంటేనే కదలరు, మీరు కొండెక్కుతారా?" ఆమె నవ్వింది. తర్వాత, "స్వెట్టరు లేదుగా," అంది.

బస్సు దగ్గర కండక్టరు పలకరించాడు. "ఎవర్ని ఎక్కించడానికొచ్చావ్ బాబాయ్?"

"నన్నే."

పొద్దువాలే వేళకు చేరాడు. మేస్త్రీ మధ్యాహ్నం రెండు వరుసలు ఇటుక పేర్చి, మూడో వరుసలో కూలబడ్డాడట. ఇసుక కుప్ప పక్కన గోనెసంచుల మీద పడుకోబెట్టారు. బాబాయిని చూసి, "బస్సు దొరికిందా?" అన్నాడు. ఆ తర్వాత మాట పొందిక తప్పింది. ఆసుపత్రిలో సూదిమందు ఎక్కించారు గానీ, మరునాడు మధ్యాహ్నానికి పోయాడు.

మిగిలిన పదిమంది రక్తం ఆసుపత్రిలో చూస్తే, ముగ్గురికి మలేరియా ఉంది. బాబాయి మూడు రోజులు అక్కడే ఉండి, వాళ్ళచేత తన కళ్ళెదుటే మాత్రలు మింగించాడు. ఆ ఏడాది కొండ ఊళ్ళో ఇంకెవరికీ మలేరియా రాలేదు. అతనికి ఎవరూ థాంక్స్ చెప్పలేదు; రాని జ్వరానికి ఎవరు చెప్తారు?

వెళ్ళే ముందు బడి కడుతున్న చోటికి ఒకసారి వచ్చాడు. సగం పేర్చిన మూడో వరుస మీద, సిమెంటు ఎండి ఇటుకకు అతుక్కుపోయి, ఒక తాపీ ఉంది.