పులుసు తొణకని వేగం

నా భార్య జ్యోత్స్న పోయిన మూడు నెలలకు కారు తన్నడం మొదలుపెట్టింది. రెండో గేరు నుంచి మూడుకు మారేటప్పుడు వీపు మీద చిన్న దెబ్బ. ఆటోమేటిక్ కారు. నడిపేది ఎప్పుడూ ఆమే. కలిదిండి బడిలో లెక్కలు చెప్పే నేను పక్క సీట్లో కూర్చునేవాణ్ణి.

ఏలూరులో మెకానిక్ నవాజ్ దాన్ని లిఫ్టు మీదికి ఎత్తాడు.

"ఈ గేరుబాక్సులో ఎదురెదురుగా రెండు ఫ్యాన్లుంటాయి మాస్టారూ, మధ్యలో నూనె. ఒకటి తిరిగితే ఆ నూనె సుడి రెండోదాన్ని తిప్పుద్దండి. ఒకదాన్నొకటి ముట్టుకోవు. అందుకే అంత మెత్తగా కదులుద్ది. వేగం కుదురుకున్నాక రెంటినీ కలిపి బిగించేసుద్ది. లేకపోతే జారుడుకే పెట్రోలు దండగ."

"మరి ఈ తన్నుడేంటి?"

"నూనె పాడైందండీ, మార్చాలి. దాంతోపాటు కారులో కంప్యూటరు నేర్చుకున్నది చెరిపేయాలి."

"ఏం నేర్చుకుంది?"

"మేడం గారి కాలండీ. ఎంత తొక్కుతారో, ఎక్కడ వదులుతారో చూసి, దానికి తగ్గట్టు గేరు మార్చుద్ది. ఆవిడ దూడని నిమిరినట్టు తొక్కేవారు. మీరేమో కుట్టుమిషను తొక్కుతున్నారు."

నవ్వాననుకుంటాను.

"చెరపకుండా కుదరదా?"

నవాజ్ నవ్వు ఆపి చేతులు తుడుచుకున్నాడు. "అవి పాత నూనె లెక్కలండీ. ఉంచితే కొన్నాళ్లకి గేరుబాక్సే పోతుంది."

ఆదివారాలు చర్చిలో పొద్దుటి ఆరాధన అయ్యాక కొల్లేటికోటలో జ్యోత్స్న వాళ్లమ్మ యేసమ్మ గారికి చేపల పులుసు తీసుకెళ్లేవాళ్లం. క్యారియరు నా ఒళ్లో. "పులుసు తొణికితే నా తప్పు, మీరు నిద్రపోతే మీ తప్పు," అనేది జ్యోత్స్న. రోడ్డుకు రెండు పక్కలా నీళ్లు, నీళ్లలో ఆకాశం. నేను ప్రతిసారీ నిద్రపోయేవాణ్ణి. గేరు మారినందుకు ఒక్కసారీ మెలకువ రాలేదు.

"చెరిపేయ్," అన్నాను.

నూనె మార్చాక, చెరపడానికి నిమిషం కూడా పట్టలేదు.

"ఇప్పుడు దానికేమీ తెలీదండీ. ఓ యాభై కిలోమీటర్లు మీరెలా నడిపితే అదే నేర్చుకుంటుంది. కాస్త చూసి తొక్కండి."

ఆదివారం పులుసు నేనే కాచాను. క్యారియరును పక్క సీట్లో పెట్టి బెల్టు కట్టాను. చేపల చెరువుల మీద పొగమంచు ఇంకా విడలేదు. చేపలకు గాలి అందించే ఏరేటర్లు ఎక్కడో నీళ్లు చిలుకుతున్న చప్పుడు వినబడుతోంది గాని ఏమీ కనబడలేదు. కారు మొదట రెండు మూడు చోట్ల తడబడింది. రోడ్డు ఎత్తుగా లేచే తూము దగ్గరికి వస్తుండగా నా కాలు దానంతటదే కొంచెం లేచింది. అక్కడ పెడల్ వదలాలని నాకెవరూ చెప్పలేదు. అన్నేళ్లూ ఆమె పక్కన నిద్రలోనే తెలిసి ఉంటుంది. గేరు మారిందని, ఇంజను చప్పుడు తగ్గాక గాని తెలియలేదు.

యేసమ్మ గారు క్యారియరు మూత తీసి, గిన్నె బయటి అంచును వేలితో తడిమి చూశారు. పొడిగా ఉంది. చాలాసేపు ఆ వేలినే చూసుకున్నారు. తర్వాత పులుసు కొద్దిగా నాలుక మీద వేసుకున్నారు.

"ఉప్పు మరిచిపోయారు బాబూ," అని లోపలికి వెళ్లి ఉప్పు డబ్బా తెచ్చారు.