బండ పట్టుకుని వెయ్యేండ్లు

మత్తయ్య చెంబెడు నీళ్లు బండల మీద పోసి, గొంతుకూర్చుని, అవి ఎటు పారుతాయో చూశాడు. నీళ్లు కాసేపు తటపటాయించి గడప వైపు బుద్ధిగా నడిచాయి.

"శభాష్" అన్నాడు నీళ్లతోనే. ఎవరితోనో ఒకరితో అనాలి కదా! ఎదురుగా ఉన్న మనిషి మాట్లాడడాయె.

ఆ మనిషి ఎల్లప్ప. మత్తయ్య భార్య రాహేలమ్మకు సొంత అన్న, మత్తయ్య అక్క సత్యమ్మకు మొగుడు. పొద్దున తాండూరులో రైలు ఒకే పెట్టె ఎక్కి, చెరో మూల కూర్చుని వికారాబాదు వచ్చారిద్దరూ. కొత్త ప్రార్థన మందిరంలో షాబాదు బండలు పరిచే పని. మీసాలు రాకముందు నుంచీ వాళ్లిద్దరూ జోడీ. బండకు ఆ కొస ఒకరు పడితే ఈ కొస ఒకరు పట్టాల్సిందే. అట్లాంటిది, నిరుటి జాతర నుంచి మాటల్లేవు. సున్నం కలిపే వెంకటమ్మే నడుమ రాయబారి.

"వెంకటమ్మా, జర గాయినకు చెప్పు, ఆ మూలకు సున్నం తక్కువైందని" అన్నాడు మత్తయ్య.

"గాయినకు చెప్పు, నాకూ కండ్లున్నయని" అన్నాడు ఎల్లప్ప.

"ఇద్దరూ ఇన్నరు గద, ఇంక నేనేం చెప్పాలె?" అంది వెంకటమ్మ సున్నం తిరగేస్తూ. "సున్నం కలిపినందుకు కూలిస్తున్నరు. గీ మాటలు మోసినందుకు ఎవ్వలిస్తరు?"

మత్తయ్య పొట్టి మనిషి. బండలు మోసీ మోసీ భుజాలు అడ్డంగా పెరిగాయి తప్ప ఎత్తు పెరగలేదు. అరచేతులు రొట్టెల పెనాల్లా నల్లగా, మొద్దుగా ఉంటాయి. మోకాళ్లకు ఎప్పుడూ సున్నం. ముందుపన్ను ఒకటి ఎప్పుడో ఊడింది. అయినా నవ్వడానికి మొహమాటపడడు. తాండూరులో సగం ఇళ్ల నేలలు ఆయన పరిచినవే. ఆయన ఇల్లు మాత్రం ఈనాటికీ పేడతో అలికిన మట్టినేల.

అసలు గొడవంతా ఆ మట్టినేల దగ్గరే మొదలైంది. వాగొడ్డున క్రైస్తవుల జాతరకు బట్ట మీద కాలాలన్నీ బొమ్మలుగా గీసుకుని ఒక బోధకుడు వచ్చాడు. క్రీస్తు తిరిగొచ్చి ఈ భూమ్మీదే వెయ్యేండ్లు ఏలుతాడని కర్రతో చూపించాడు. మత్తయ్యకు ప్రాణం లేచొచ్చింది. పైలోకంలో బాటలన్నీ బంగారమట, అక్కడ బండలు పరిచేవాడికి పనేముంటుంది? అదే ఇక్కడ ఏలితేనో, కట్టినవాడే తన ఇంట్లో ఉంటాడు. మొదట పరిచేది తన ఇల్లే. నిజాం పోతాడని ఎవరనుకున్నారు? పోలేదూ? ఇదీ అంతే.

ఎల్లప్ప ఒప్పుకోలేదు. వెయ్యేండ్లంటే లెక్క కాదన్నాడు. క్రీస్తు ఇప్పుడే మనసుల్లో ఏలుతున్నాడన్నాడు. జాతరకు వేసుకున్న గుడిసెల మధ్య జనం రెండు జట్లయ్యారు. వాదన ముదిరింది. అప్పుడు మత్తయ్య నోరు జారింది.

"నీ మనసుల క్రీస్తు ఏలుతున్నడా బావా? నీ కాడ మా అక్క సత్యమ్మ మాట తప్ప ఇంకెవ్వరి మాట నడుస్తది?"

జాతరంతా పగలబడి నవ్వింది. ఎల్లప్ప నవ్వలేదు. లేచి, గుడిసె పీకేసి, వాగు అవతల వేసుకున్నాడు. అంతే, ఆ రోజు నుంచి మత్తయ్యతో నేరుగా మాట్లాడలేదు.

ఈ రోజుతో మందిరం పని అయిపోతుంది. రేపటి నుంచి ఎల్లప్ప యాలాలలో ఈరయ్యతో జోడీ కడుతున్నాడట. ఈరయ్య వెంకటమ్మకు మరిది, అందుకే ఆమెకు తెలిసింది. పొద్దున ఆమె ఆ మాట చెప్పినప్పటి నుంచీ మత్తయ్య మాటిమాటికీ ఎల్లప్ప వైపే చూస్తున్నాడు. వేరేవాడు బండ అవతలి కొస పట్టుకోవడమా? క్షమించు బావా అంటే అయిపోయేది. కానీ ఏడాదిగా అనని మాట ఇప్పుడెట్లా వస్తుంది?

చివరి బండ మిగిలింది. పెద్దది. ఎత్తేటప్పుడూ దించేటప్పుడూ ఒకే గొంతు కేక వేయాలి. కేక లేకుండా ఎవరికి వారు వదిలితే వేళ్లు నుజ్జే. ఏడాదిగా ఆ కేకా వెంకటమ్మదే.

"ఎత్తూ!" అంది వెంకటమ్మ. ఎత్తారు. ఖాళీ మీదికి తెచ్చారు. ఇక "దించూ" అనాలి. సరిగ్గా అప్పుడే ఎవరిదో మేక లోపలికొచ్చి ఆమె సద్దిమూటలో మూతి పెట్టింది.

"ఓయమ్మో, నా రొట్టె!" అంటూ వెంకటమ్మ బయటికి ఉరికింది. రొట్టె నోట కరుచుకుని మేక ముందు, ఆమె వెనక.

ఇద్దరూ బండ పట్టుకుని నిలబడ్డారు. నోరు తెరిచినవాడు ఓడినట్టే. ఎల్లప్ప మెడనరాలు ఉబ్బాయి. మత్తయ్య కళ్లలోకి చెమట దిగింది. బయట మేకను వెంకటమ్మ తిట్టే తిట్లు దూరమైపోతున్నాయి. ఆమె ఇప్పట్లో రాదు. మత్తయ్యకు ఎక్కడో పొట్ట అడుగున నవ్వు పుట్టింది. ఆపుకున్నాడు. ఆగలేదు.

"బావా, వెయ్యేండ్లు గిట్లనే నిలవడుదమా?"

ఎల్లప్ప పళ్లు బిగించాడు. పెదవులు అదిరాయి.

"వెయ్యేండ్లు లెక్క గాదని నిరుడే చెప్పిన గద! దించు ముందుగాల!"

దించారు. దించి, ఆ బండ మీదే కూలబడి, కళ్ల నీళ్లు కారేదాకా నవ్వారు. మత్తయ్య ఆ నవ్వులోనే బావ చెయ్యి పట్టుకున్నాడు.

"నవ్వుడు కోసమని నలుగురిట్ల నీ ఇజ్జత్ తీసిన బావా. తప్పైంది."

"తప్పు సరే. ఇంటికి పోయి సత్యమ్మకు చెప్తే, నువ్వన్నది నిజమే అన్నది. గందుకే మస్తు కోపమొచ్చింది నాకు."

వెంకటమ్మ ఉత్త గుడ్డతో తిరిగొచ్చేసరికి ఇద్దరూ భుజాలు రాసుకుని కూర్చుని ఉన్నారు. "మీ ఈరయ్యకు చెప్పు వెంకటమ్మా, నేను యాలాలకు రానని" అన్నాడు ఎల్లప్ప.

"ఇంక నా నోరేనా!" అని నెత్తి కొట్టుకుంది. మత్తయ్య తన రొట్టె ఆమె చేతిలో పెట్టాడు. ఎడమ భుజం పట్టేసిందని కాసేపు రుద్దుకున్నాడు.

సాయంత్రం బండిలో ఇద్దరూ ఒకే బల్ల మీద కూర్చున్నారు. స్టేషనులో అనంతగిరి ఆడవాళ్లు అమ్మే సీతాఫలం ఒకటి మత్తయ్య రెండుగా విప్పి, సగం బావ పక్కన పెట్టాడు.

"తిను బావా."

"ఆగు, మాట పూర్తి కానీ." ఏడాది పాటు దాచుకున్న వాదన ఎల్లప్ప దగ్గర మూటలుగా ఉంది. "వెయ్యిసార్లు చెప్పిన అంటవు. లెక్కవెట్టి చెప్పినవా? లేదు గద! వాక్యంల గుడ గంతే."

"గట్లనే కానీ బావా" అన్నాడు మత్తయ్య, తన సగం తింటూ. ఆయనకు ఆ క్షణాన ఏ వెయ్యేండ్లూ అక్కర్లేనంత సంతోషంగా ఉంది. కిటికీలోంచి చల్లగాలి వస్తోంది. తల మెల్లగా ఎల్లప్ప భుజం మీద వాలింది.

"ఇప్పుడేలని రాజు రేపేం ఏలుతడు? చెప్పు!" ఎల్లప్ప గొంతు పెంచాడు. పక్కవాళ్లు తలలూపారు. "సూసిన్రా? జవాబు లేదు! పొద్దంత చేసిండు, అలిసిండు. పండనీ." భుజం కదలకుండా, గొంతు తగ్గించి, గెలిచిన సంబరంతో తాండూరు దాకా చెబుతూనే ఉన్నాడు.

"లే బావా, ఊరొచ్చింది" అన్నాడు ఎల్లప్ప. చెంప తట్టాడు. మళ్లీ తట్టాడు. ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు, ఊపిరి తగల్లేదు.

నలుగురూ కలిసి మత్తయ్యను మెల్లగా కిందికి దించారు. బండి ఇంకా వాడి జంక్షను దాకా పోవాలి. కూత వేసి కదిలింది. ఖాళీ బల్ల మీద, పెట్టినచోటే, సగం సీతాఫలం తెల్లగా తెరుచుకుని ఉంది.